గడ్డి మధ్య పెరిగే కాక్టస్‌కి ఇసుక పోయకండి

కాక్టస్ అనగానే కుండీ నిండా ఇసుక నింపడం, నెలకోసారి నాలుగు చుక్కలు చల్లి ఊరుకోవడం చాలామందికి అలవాటైపోయింది. కొన్ని ఎడారి జాతులు ఆ నిర్లక్ష్యానికి కూడా ఓర్చుకుని బతికేస్తాయి కాబట్టి ఆ సలహా ఇంకా చలామణీ అవుతూనే ఉంది. ఎస్కోబేరియా వివిపారా అనే చిన్న కాక్టస్ దగ్గర అది చెల్లదు. ఎండాకాలమంతా దాహంతో ఉంచి, చలికాలంలో ముడతలు చూసి జాలిపడి నీళ్ళు పోసి చంపేస్తారు దీన్ని. ఇది గడ్డినేల మొక్క. గడ్డికి నీళ్ళందే రోజుల్లో దీనికీ కడుపునిండా అందాలి, గడ్డి ఎండి పడుకున్న నెలల్లో దీన్నీ కదిలించకుండా వదిలెయ్యాలి. నా వాదనంతా ఇదే. మట్టి, కుండీ, ఎరువు, విత్తనం అన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

దీని సొంత చోటు ఉత్తర అమెరికా నడుమ పరుచుకున్న గ్రేట్ ప్లెయిన్స్. కెనడాలో ఆల్బెర్టా, సస్కాచెవాన్, మానిటోబా రాష్ట్రాల దక్షిణ భాగంలో మొదలై, మోంటానా, డకోటాలు, వ్యోమింగ్, కొలరాడో, న్యూ మెక్సికోల మీదుగా మెక్సికో ఉత్తర రాష్ట్రాల దాకా కనిపిస్తుంది. పడమటి వైపు నెవాడా, కాలిఫోర్నియా కొండల్లోనూ దీని రకాలున్నాయి. కాక్టస్ కుటుంబంలో ఇంత ఉత్తరానికి వెళ్ళగలిగినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్కడి పొట్టిగడ్డి మైదానాల్లో ఏడాదికి సుమారు 300 నుంచి 500 మిల్లీమీటర్ల వాన. వినడానికి తక్కువే. కానీ అందులో ఎక్కువ భాగం మొక్క ఎదిగే నెలల్లోనే, ముఖ్యంగా మే, జూన్ నెలల ఉరుముల వానల్లో పడుతుంది. చలికాలం పొడిగా, గాలి ఎక్కువగా, ఉత్తరాన సున్నాకి 30 డిగ్రీలు దిగువకి కూడా పోయేంత చల్లగా ఉంటుంది.

ఇక ఆ గడ్డి సంగతి. బ్లూ గ్రామా, బఫెలో గ్రాస్ అక్కడ ప్రధానమైనవి. రెండూ నేలనంటి పెరిగే పొట్టి గడ్లు. వాటి వేళ్ళు పై పొరల్లో చిక్కగా అల్లుకుని, వాన పడ్డ కొద్ది రోజుల్లోనే తేమనంతా పీల్చేస్తాయి. అంటే ఈ కాక్టస్‌కి వాన పడినప్పుడు వేళ్ళు పూర్తిగా తడుస్తాయి, ఆ తర్వాత త్వరగా ఆరిపోతాయి. బాగా తడవడం, వెంటనే ఆరడం, ఈ రెండూ కావాలి దానికి. కుండీలో పక్కన పీల్చేసే గడ్డి ఉండదు. ఆ ఆరబెట్టే పని మనం వేసే మట్టే చెయ్యాలి. సన్న ఇసుక ఆ పనికి ఎందుకు పనికిరాదో కింద చెప్తాను.

గుర్తుపట్టడం

ఒక్కో కాండం బంతిలా, 3 నుంచి 8 సెంటీమీటర్ల అడ్డంతో ఉంటుంది. ఉత్తరపు మొక్కలు చిన్నవిగా ఉండి చుట్టూ పిలకలు పెట్టి గుంపుగా పరుచుకుంటాయి, దక్షిణపువి కాస్త పెద్దవై తరచు ఒంటరిగా నిలుస్తాయి. ఒంటి మీద అంచులు తేలిన నిలువు గట్లుండవు, బొడిపెలుంటాయి. ఎదిగిన మొక్కలో ఒక బొడిపెని దగ్గరగా పట్టుకుని చూస్తే, కొసన ముళ్ళ గుత్తి దగ్గర మొదలైన సన్నటి గాడి బొడిపె పైవైపు మీదుగా మొదలు దాకా దిగుతుంది. మొగ్గ పుట్టేది ఆ గాడి మొదట్లోనే, కాండం నడినెత్తికి దగ్గరగా, కొత్త బొడిపెల మధ్య. లేత మొక్కల్లో ఈ గాడి ఉండదు, లేదా సగంలోనే ఆగిపోతుంది. గాడి పూర్తిగా ఏర్పడని మొక్క పూయలేదేమని కంగారు పడనక్కర్లేదు, దానికింకా వయసు రాలేదు.

పువ్వు 3 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పు, గులాబీ నుంచి ముదురు మజెంటా దాకా. బయటి రేకుల అంచులు కనురెప్పల వెంట్రుకల్లా సన్నగా చీలి ఉంటాయి. ఈ జాతిని పూతలో పోల్చుకోవడానికి అది మంచి ఆనవాలు. మధ్యాహ్నం ఎండలో విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు అసలు తెరుచుకోకపోవచ్చు.

అమ్మేవాళ్ళు దీనితో కలిపేసే మొక్క ఎస్కోబేరియా మిస్సోరియెన్సిస్. అదీ అదే గడ్డిలో పెరుగుతుంది. దాని పూలు ఆకుపచ్చ కలిసిన పసుపు. పూత లేనప్పుడు ముళ్ళు చూడాలి: మిస్సోరియెన్సిస్‌కి గుత్తి నడుమ నిలబడే ముల్లు ఒకటుంటుంది లేదా అసలుండదు, వివిపారాకి అలాంటివి చాలా ఉంటాయి. కాయ దొరికితే సందేహమే లేదు. మిస్సోరియెన్సిస్ కాయ ఎర్రగా మెరుస్తూ మరుసటి వసంతం దాకా మొక్క మీదే ఉంటుంది, లోపల గింజలు నల్లగా ఉంటాయి. వివిపారా కాయ ఆకుపచ్చగానే పెరిగి, పండాక మురికి ఎరుపు-గోధుమ రంగుకి తిరుగుతుంది. గింజలు గోధుమరంగువి.

పేర్ల గొడవ ఒకటి ఉంది. వృక్షశాస్త్రవేత్త థామస్ నటాల్ 1811లో మిస్సోరీ నది వెంట ఎగువకి వెళ్ళాడు, 1813లో ఈ మొక్కకి కాక్టస్ వివిపారస్ అని పేరు పెట్టాడు. తర్వాత మామిల్లేరియా అయింది, కోరిఫాంథా అయింది, ఎస్కోబేరియా అయింది, 2022లో పెలెసిఫోరా కింద చేర్చారు. విత్తనాల జాబితాల్లో ఈ పేర్లలో ఏదైనా కనబడొచ్చు కాబట్టి కొనేముందు అన్నిటి కిందా వెతకండి. ఈ వ్యాసంలో పెంపకందారులు ఎక్కువగా వాడే ఎస్కోబేరియానే వాడుతున్నాను.

చలికాలంలో జరిగేది

ఎక్కువ మొక్కలు చచ్చేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి.

పగటి పొద్దు తగ్గి రాత్రులు చల్లబడగానే ఈ మొక్క తనలోని నీళ్ళని వదులుకోవడం మొదలుపెడుతుంది. కణాల్లో నీళ్ళు తగ్గితే మిగిలిన రసం చిక్కబడుతుంది, గడ్డకట్టే స్థాయి కిందకి జారుతుంది. గట్టి చలి వచ్చినప్పుడు మంచు ముందుగా కణాల మధ్య ఖాళీల్లో కడుతుంది, అది లోపలి నీటిని ఇంకాస్త బయటికి లాగుతుంది. కణం ముడుచుకుంటుంది గానీ పగలదు. బయటికి కనిపించేది మాత్రం భయం పుట్టిస్తుంది. బంతిలా ఉన్న కాండం చప్పిడి బిళ్ళ అవుతుంది, ఆకుపచ్చ పోయి ఊదా కలిసిన మట్టిరంగు వస్తుంది, మొత్తం మొక్క నేలమట్టానికి దిగిపోతుంది. బయట పెరిగే మొక్కయితే మంచు కప్పడ్డాక కనబడదు కూడా.

ఆరోగ్యంగా ఉన్న మొక్క చలికాలంలో ఇలాగే ఉండాలి. ఈ స్థితిలో నీళ్ళు పోస్తే రెండింట్లో ఒకటి జరుగుతుంది. వేళ్ళు కాస్త వెచ్చగా ఉంటే నీళ్ళు పీల్చుకుని కాండం ఉబ్బుతుంది, తర్వాతి గడ్డకట్టే రాత్రికి కణాలు చిట్లుతాయి, వారంలో మొక్క మెత్తబడి జావలా అవుతుంది. వేళ్ళు చల్లగా ఉంటే పీల్చుకోలేవు, తడిమట్టిలో వారాల తరబడి ఉండి కుళ్ళుతాయి. రెండోది మరీ మోసం. మార్చిలో మిగతావన్నీ మళ్ళీ నిండుగా ఉబ్బుతుంటే ఇదొక్కటీ ముడతలతోనే ఉంటుంది, మనం ఇంకా నీళ్ళు పోస్తాం, కింద వేరు లేదని ఏప్రిల్‌లో ఎత్తి చూసినప్పుడు గానీ తెలియదు.

ఉత్తరార్ధగోళం లెక్కలో అక్టోబర్ మొదటి నుంచి మార్చి మధ్య దాకా చుక్క నీరు వద్దు. దక్షిణార్ధగోళంలో ఆరు నెలలు జరుపుకోండి. పొడిగా ఉన్న మొక్కకి సున్నాకి 15 డిగ్రీల దిగువ చలి కూడా సమస్య కాదు. తడిగా ఉంటే సున్నాకి నాలుగైదు డిగ్రీలు దిగువకే దెబ్బతినొచ్చు. బయట పెట్టేవాళ్ళు పైన గాజుపలకో పాలికార్బనేట్ రేకో వాలుగా వేసి, పక్కలు నాలుగూ తెరిచి ఉంచాలి. పక్కలు మూసేస్తే పగలు లోపల ఆవిరి పట్టి ఆ తడి మొక్క నెత్తి మీదే నిలుస్తుంది.

వసంతంలో మొదటి నీళ్ళకి తేదీ చూడకండి, మట్టి చూడండి. మధ్యాహ్నం కుండీ మట్టి 10 డిగ్రీలు దాటి వారం గడిచాక, ఎండ ఉన్న ఉదయం తుంపరగా చల్లండి. అయిదారు రోజుల తర్వాత ఇంకోసారి. కాండం నెత్తి దగ్గర కొత్త ముళ్ళు రంగు తేలుతూ కనిపిస్తే వేళ్ళు పని మొదలుపెట్టినట్టే, అప్పుడు పూర్తిగా తడపొచ్చు.

చలికాలమే లేని చోట ఈ మొక్క పెట్టుకోవద్దనే నా సలహా. బతకదని కాదు, కొన్నేళ్ళు బతుకుతుంది. చల్లటి పొడి విశ్రాంతి దొరక్క పూత సరిగా రాదు, వెచ్చటి రాత్రుల్లో పొడుగ్గా సాగి ఆకారం పాడవుతుంది, చివరికి ఏదో ఒక వెచ్చటి తడి వారంలో కుళ్ళిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి చలికాలం చూపించమనే చిట్కాలు తిరుగుతుంటాయి. గింజలకి ఆ పద్ధతి సరే, వెలుతురు లేని పెట్టెలో ఎదిగిన మొక్కని నెలల తరబడి మూసి ఉంచడం నాకు నచ్చదు. అలాంటి చోట గడ్డినేల కాక్టస్సే కావాలంటే దక్షిణ అమెరికా వైపు చూడండి. దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే, అర్జెంటీనా గడ్డిమైదానాల పరోడియా ఒట్టోనిస్ పసుపు పూలు పూస్తుంది, గడ్డకట్టే చలి అడగదు, చలికాలంలో నెలకోసారి కొద్దిగా తడిపినా ఓర్చుకుంటుంది. అదే ప్రాంతపు ఫ్రాయ్‌లియాలు ఇంకా చిన్నవి. మొగ్గ తెరుచుకోకుండానే లోపల్లోపలే గింజ కట్టేసే వింత అలవాటు వాటిది, పువ్వు చూడాలని పెంచేవాళ్ళకి కాస్త విసుగు పుట్టిస్తుంది.

మట్టి, కుండీ, నీళ్ళు

సన్న ఇసుకతో చిక్కు ఏమిటంటే దాని రేణువుల మధ్య సందులు మరీ ఇరుకు. ఇరుకు సందుల్లో నీళ్ళు బరువుకి కిందకి జారవు, కుండీ అడుగున ఒక మందాన నిలిచిపోతాయి. ఆ తడిపొర ఎత్తు రేణువు సైజు మీద ఆధారపడుతుంది, కుండీ లోతు మీద కాదు. అందుకే లోతు తక్కువ కుండీలో సన్న ఇసుక వేస్తే వేళ్ళు దాదాపు అన్నీ ఆ తడిపొరలోనే ఉంటాయి. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా జారుతుందని చాలామంది నమ్మకం. జరిగేది తలకిందులు: సన్నమట్టిలోంచి నీరు పెద్ద సందుల్లోకి దిగదు, తడిపొర గులకరాళ్ళ పైకి, అంటే వేళ్ళకి మరింత దగ్గరికి వస్తుంది. చిల్లు మీద చిన్న జాలీ ముక్క చాలు, తక్కినదంతా ఒకే మిశ్రమం నింపండి.

నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు రాతి పదార్థం: 2 నుంచి 5 మిల్లీమీటర్ల ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) లేదా పగలగొట్టిన గ్రానైట్ రవ్వ, రెండూ కలిపినా మంచిదే. ఒక పాలు జల్లించిన తోటమట్టి, బాగా మాగిన ఆకు ఎరువు. రాతి రవ్వని 2 మిల్లీమీటర్ల జల్లెడతో జల్లించి కింద పడ్డ పొడిని పారెయ్యడం తప్పనిసరి. ఆ పొడే రెండేళ్ళలో అడుగుకి దిగి చిల్లు మూస్తుంది. పీట్ (చిత్తడి నేలల్లో పేరుకున్న నాచు పొడి) వాడొద్దంటాను. పూర్తిగా ఎండితే నీళ్ళు పట్టదు, తడిస్తే ఆరదు, ఈ మొక్కకి రెండూ పనికిరావు. కుండీ 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు, గుంపు కంటే రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ ఉంటే చాలు. నాటాక మెడ చుట్టూ ఒక సెంటీమీటరు మందాన ఒట్టి రవ్వ పరవాలి. కాండం మొదలు తడిమట్టిని తాకకూడదు.

ఏప్రిల్ చివరి నుంచి జులై మొదటి దాకా పుష్కలంగా పొయ్యాలి. 10 సెంటీమీటర్ల కుండీకి ఒకసారికి 150 మిల్లీలీటర్ల దాకా, కింద చిల్లులోంచి కారేవరకు. ఎండ, గాలి ఉంటే వారం పది రోజులకోసారి వస్తుంది ఈ వంతు. సందేహంగా ఉంటే కుండీ ఎత్తి చూడండి, తడికీ పొడికీ బరువులో తేడా చేతికి ఇట్టే తెలుస్తుంది. మొగ్గలున్నప్పుడు ఎండబెడితే మొగ్గలు మాడిపోతాయి. తొలిసారి పెంచేవాళ్ళకి పూత రాకపోవడానికి చలి లేకపోవడం తర్వాత పెద్ద కారణం ఇదే. జులై, ఆగస్టు నడివేడిలో వంతులు సగానికి తగ్గించి, సెప్టెంబర్ మధ్యలో ఆఖరిసారి తడిపి ఆపెయ్యాలి. నీళ్ళలో సున్నం ఎక్కువైతే మట్టి క్షారంగా మారి కొత్త ఎదుగుదల పాలిపోతుంది. వాననీరు పట్టుకోగలిగితే అదే వాడండి.

ఎరువులో నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉండాలి. పెట్టె మీద రాసిన మోతాదులో నాలుగో వంతు, మే, జూన్ నెలల్లో రెండు మూడు సార్లు. నత్రజని ఎక్కువైతే కాండం నిగనిగలాడుతూ ఉబ్బుతుంది, ముళ్ళ మధ్య ఆకుపచ్చ కనబడుతుంది. చూడటానికి అందంగా ఉన్న ఆ మొక్కే మొదటి మంచుకి చీలుతుంది. ముళ్ళు ఒంటిని కప్పేసినట్టు ఉంటేనే ఎండ, నీరు, ఎరువు సరిపాళ్ళలో ఉన్నట్టు. ఎండ రోజుకి ఆరు గంటలు నేరుగా పడాలి. లోపలి గది నుంచి ఒక్కసారిగా బయట పెడితే తెల్లటి కాలిన మచ్చలు పడతాయి, రెండు వారాలు పలచటి నీడలో అలవాటు చేసి తేవాలి.

చీడల్లో ముందు చూడాల్సింది వేళ్ళ పిండినల్లి. పైన ఏమీ కనబడదు, మొక్క ఎదగడం మాత్రం ఆగిపోతుంది. కుండీలోంచి ఊడదీస్తే వేళ్ళ మీదా కుండీ లోపలి గోడ మీదా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది. మట్టంతా కడిగేసి, వేళ్ళు కత్తిరించి, వారం ఆరబెట్టి కొత్త మట్టిలో నాటడమే నమ్మకమైన మందు. ఎర్రనల్లి పడితే నెత్తి చుట్టూ గోధుమరంగు గరుకు పొర కడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. కుళ్ళు అనుమానం వస్తే మొదలు నుంచి శుభ్రమైన కత్తితో పలచగా అడ్డంగా కోస్తూ పోవాలి. కోతలో మధ్యన గుండ్రంగా కనిపించే నాళాల వలయం ఎర్రగోధుమగా ఉంటే జబ్బు ఇంకా ఉన్నట్టే. పూర్తిగా తెల్లగా, లేతాకుపచ్చగా వచ్చేదాకా కొయ్యండి, ప్రతి కోతకీ కత్తి స్పిరిట్‌తో తుడవండి. గంధకం పొడి అద్ది పది పదిహేను రోజులు నీడలో ఆరబెట్టి పొడి ప్యూమిస్ మీద కూర్చోబెడితే వేళ్ళు రావచ్చు. వలయం తెల్లబడకుండానే నెత్తి దాకా వచ్చేస్తే పారెయ్యడమే.

గింజ నుంచి

ఒక మొక్కకి కాయ కట్టాలంటే మామూలుగా ఇంకో మొక్క పుప్పొడి కావాలి. ఒకే మొక్క పిలకల్ని నాలుగు కుండీల్లో పెట్టుకుంటే అవన్నీ ఒకటే లెక్క. కాబట్టి గింజ నుంచి వచ్చిన రెండు వేర్వేరు మొక్కలు ఉంచుకోండి. మధ్యాహ్నం పువ్వు పూర్తిగా విచ్చుకున్నప్పుడు మెత్తటి కుంచెతో పుప్పొడి అటుదిటు ఇటుదటు అద్దాలి. కాయ మెత్తబడి రంగు తిరిగాక కోసి, గుజ్జు కడిగి, గింజల్ని కాగితం మీద వారం ఆరనివ్వాలి.

ఉత్తరపు గింజలు వెంటనే మొలవకపోతే చలి చూపించాలి. తడిపిన రవ్వలో కలిపి, 2 నుంచి 5 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, తర్వాత పగలు 25, రాత్రి 18 డిగ్రీలకి మార్చండి. మట్టిని ముందే ఆవిరి పట్టించి చల్లార్చాలి. గింజకీ గింజకీ సెంటీమీటరు ఎడం, పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల రవ్వ, వెలుతురు తగలాలి కాబట్టి అంతకు మించొద్దు. కుండీ మొత్తాన్ని పారదర్శకమైన సంచిలో మూసి నేరుగా ఎండ పడని వెలుగులో పెట్టండి. మొలక సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తుంది. సంచి ఒక్కసారి తెరిచేస్తే మొలకలు వాడతాయి, తెరవకుండా వదిలేస్తే నారుకుళ్ళు పడుతుంది. రెండు వారాల మీద రోజూ కాస్త ఎక్కువసేపు తెరుస్తూ అలవాటు చెయ్యాలి. మొదటి చలికాలం గడ్డకట్టని చోట, మట్టి ఎండిపోకుండా ఉంచి, రెండో ఏడాది నుంచి పెద్దవాటితో పాటే పడుకోబెట్టండి. మూడు నుంచి అయిదేళ్ళలో పూస్తాయి. పెరెస్కియోప్సిస్ అనే ఇంకో కాక్టస్ మీద అంటు కడితే ఇంకా త్వరగా పూస్తాయి, నిజమే. కానీ ఆ వేరుమొక్క మంచుకి ఆగదు, పైది కూడా ఉబ్బి మెత్తగా తయారవుతుంది. చలికి తట్టుకోవడమే ప్రత్యేకతగా ఉన్న మొక్కకి అది చెయ్యడంలో నాకు అర్థం కనబడదు.

అయిదేళ్ళు ఆగలేని వాళ్ళ కోసమే తవ్వి తెచ్చిన మొక్కలు అమ్ముడవుతున్నాయి. అలాంటిదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. మొదలు బెరడు కట్టి ఉంటుంది, ముళ్ళు ఒకవైపు అరిగి లేదా విరిగి ఉంటాయి, వేళ్ళు తెగి పొట్టిగా ఉంటాయి, ఒకే సంచిలో అన్నీ పెద్దవే అయినా ఏ రెండూ ఒకే సైజులో ఉండవు. కుండీలో కుదురుకునేవి తక్కువ. ప్రపంచమంతా కలిపి చూస్తే ఈ జాతికి ముప్పు లేదు, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అతి తక్కువ ఆందోళన ఉన్న వర్గంలోనే ఉంది. దాన్ని పట్టుకుని 'కొన్ని తవ్వితే ఏమవుతుంది' అనేవాళ్ళున్నారు. మిన్నెసోటా సంగతి చూడండి. అక్కడ ఇది రాష్ట్రానికి పడమటి అంచున, మిన్నెసోటా నది ఎగువన గ్రానైట్ బండల మీద మాత్రమే పెరుగుతుంది. ఆ బండల్లోనే క్వారీలు. రాష్ట్రం దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. సస్కాచెవాన్‌లో లక్షలున్నా ఆ బండల మీద పోయినవి తిరిగి రావు. ప్లెయిన్స్‌లో కూడా గడ్డిని దున్నేసిన చోట, లేదా బయటినుంచి తెచ్చిన స్మూత్ బ్రోమ్ లాంటి పొడుగు గడ్డి కమ్ముకుని నీడ చేసిన చోట ఇది నిలవదు. బైసన్ మందలు, ఇప్పుడు పశువులు, గడ్డిని పొట్టిగా మేస్తేనే దీనికి ఎండ. అందుకే చుట్టూ కంచె వేసి మేత ఆపేస్తే కాక్టస్‌ని కాపాడినట్టేనని అనుకోవడంతో నేను ఏకీభవించను.

చట్టం వైపు నుంచి కూడా గింజే తేలిక. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం, ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ కిందికి వస్తుంది, ఎక్కువ జాతులు రెండో అనుబంధంలో ఉన్నాయి. మొక్కని దేశం దాటించాలంటే, నర్సరీలో పెంచిందైనా సరే, ఎగుమతి పత్రం కావాలి. రెండో అనుబంధంలోని కాక్టస్ గింజలకి సైటిస్ పత్రం అక్కర్లేదు, మెక్సికో నుంచి ఎగుమతి అయ్యేవాటికి తప్ప. దిగుమతి చేసుకునే దేశం మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడగడం వేరే విషయం, అది గింజలకీ వర్తించొచ్చు.

గింజ కొనేటప్పుడు సేకరించిన చోటు రాసి ఉన్న పొట్లమే కొనండి. సస్కాచెవాన్ గింజ, అరిజోనా గింజ పేరుకి ఒకే జాతి. మొదటిది చిన్నగా పెరిగి ఎముకలు కొరికే చలికి ఆగుతుంది, రెండోది పెద్దగా పెరిగి త్వరగా పూస్తుంది గానీ అంత చలి ఓర్చుకోదు. మీ చలికాలం ఎంత గట్టిదో చూసుకుని ఎంచుకోవాలి. మొలకెత్తాక ఆ చోటు పేరుని పెన్సిల్‌తో చీటీ మీద రాసి కుండీలో గుచ్చండి. ఇంకు రెండు ఎండాకాలాలకే వెలిసిపోతుంది, ఆ తర్వాత ఏ మొక్కని ఎంత చలిలో వదలొచ్చో చెప్పేవాళ్ళుండరు.